కల చెబితేనే టీ

ఈ మధ్య మహానందిలో పొద్దున్నే టీ తాగాలంటే ముందు కల చెప్పుకోవాల్సి వస్తోంది. గ్లాసు చేతికిచ్చే ముందు మా టీకొట్టు అబ్బయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అనా, రాత్రి కలేమన్నా పడిందా?" అంటాడు. పడలేదంటే ముఖం మాడ్చుకుంటాడు. పాము కనబడిందంటే ఎన్ని మెలికలు తిరిగిందో చెప్పాలి, పుట్టలోకి పోతోందా, పుట్టలోంచి వస్తోందా అది కూడా చెప్పాలి. మొన్న విసుగొచ్చి, కాలం చేసిన మా మేనత్త కలలోకొచ్చి వడలు పెట్టిందన్నాను. "ఎన్ని పెట్టింది?" అన్నాడు. ఆమెకు పైలోకంలో ఎట్లా ఉందో వాడికి అక్కర్లేదు. మట్కాకు ఒక అంకె దొరికితే చాలు.

మట్కా అంటే ఏమిటో సీమవాళ్లకు నేను చెప్పేదేముంది? న్యూయార్క్ పత్తి ధరల చివరి అంకెల మీద బొంబాయిలో పందెం కాసేవాళ్లు. 1960ల్లో ఆ ధరలు రావడం ఆగిపోయింది. ఆట మాత్రం ఆగలేదు. 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ సొంతంగా నంబర్లు తీయడం మొదలుపెట్టారు. మూడంకెలు తీసి కూడితే వచ్చే చివరి అంకె ఓపెన్, మళ్లీ మూడు తీస్తే క్లోజ్, రెండూ పక్కపక్కన పెడితే జోడి. ఆదోని యార్డులో పత్తి ధర పడిపోతే కన్నెత్తి చూడని మనుషులు, అమెరికా పత్తి పుణ్యాన పుట్టిన అంకె కోసం ఇప్పటికీ రాత్రుళ్లు మేలుకొని ఉంటారు.

మా ఊళ్లో ఈ అంకెలకు ఒక పీఠాధిపతి కూడా ఉన్నాడు. గుడి దారిలో అరుగు మీద కూర్చునే ముసలాయన. మాట్లాడడు. ఎక్కడినుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. ఇంతకన్నా అర్హత ఏం కావాలి? ఒకనాడు చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించాడట. అందరూ 3 మీద కాశారు. వచ్చింది 8. ఇంకొకరైతే అక్కడితో మానేసేవాళ్లు. మావాళ్లు మాత్రం అరుగు ముందు సాష్టాంగపడ్డారు. ఎందుకంటే మట్కాలో 3కు కట్ 8. అయిదు కలిపితే వచ్చేదే కట్. "సామి మూడు చూపిచ్చి ఎనిమిది చెప్పినాడు, మనకే బుద్ధి లేదు" అని లెంపలేసుకున్నారు.

అప్పట్నుంచి ఆయనకు ప్రశాంతత లేదు. తుమ్మితే లెక్క, గోక్కుంటే లెక్క. అరటిపండ్లకు మా దగ్గర కరువు లేదు కాబట్టి ముందు అత్తం పెట్టి, ఎన్ని తింటాడా అని చుట్టూ గొంతుక్కూర్చుంటారు. ఒకసారి రెండు తిని, మూడోదాన్ని సగం కొరికి ఆవుకు పెట్టాడు. సగానికి నంబరు లేదు. జోడి 23 అని ఒక వర్గం, ఆవు తిన్నది ముందు రాయాలి కాబట్టి 32 అని ఇంకో వర్గం. ఆవుకు కాళ్లు నాలుగు గదా అని మూడో వర్గం లేచింది. ఆ రాత్రి 70 వచ్చింది. తెల్లారేసరికి దానికీ అర్థం దొరికింది: 2కు కట్ 7, ఇక సున్నా అంటే తొక్క పారేసినాడు గదా! నేను పెద్దాయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చూశాను. ఆ మూడు వేళ్లూ వాతానికి కొయ్యబారి ఉన్నాయి, ముడుచుకోవు. ఆ మాట చెబితే, "ఆయప్ప నిన్ను పరీక్ష చేస్తాండాడులే అనా" అన్నారు.

ఈ పిచ్చి మన ఒక్కరి సొత్తు కాదని ఊరట చెందొచ్చు. 1913లో మాంటే కార్లో కేసినోలో రౌలెట్ చక్రం మీద వరసగా 26 సార్లు నలుపు పడింది. ఇక ఎరుపు రాక తప్పదని కాసినవాళ్లంతా మునిగారు. 1975లో ఎలెన్ లాంగర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఇంకో తమాషా బయటపెట్టింది. ఆఫీసు ఉద్యోగులకు డాలరుకొక లాటరీ టికెట్ అమ్మించి, తర్వాత తిరిగి ఎంతకిస్తారని అడిగించింది. చేతికిచ్చింది తీసుకున్నవాళ్లు సగటున రెండు డాలర్లకు ఒప్పుకున్నారు. తామే ఏరుకున్నవాళ్లు ఎనిమిది డాలర్లు దాటి అడిగారు. గెలిచే వీలు ఇద్దరికీ ఒకటే. మా అబ్బయ్య కూడా అంతే. స్కూటరు నంబరు కూడితే 8 వస్తుందని, శని అంకె అని బండి వెనక్కిచ్చినవాడు, పాత నంబర్ల చార్టులో 8 కనబడి చాలా రోజులైంది కాబట్టి ఈ రాత్రి తప్పదని దానిమీదే కాస్తాడు. సోమవారమైతే మా దగ్గరి నవనంది గుళ్ల పేరు చెప్పి 9.

నవ్వులాటకు ఇంత రాశాను గానీ, వాణ్ణి పూర్తిగా తిట్టడానికి నోరు రాదు. ఒకప్పుడు కౌలుకు అరటి పెట్టాడు. గెలలు కోతకొచ్చే వేళకు ఒక సాయంత్రం ఈదురుగాలి లేచి చెట్లు నడుముకు విరిగిపడ్డాయి. దానికి ముందు మెట్టలో బోరు వేయించాడు. అరచేతిలో టెంకాయ నిలువునా లేచిన చోట పాయింటు పెట్టారు. దుమ్ము పడింది. వాన, గాలి, మార్కెట్టు ధర, ఏదీ వాణ్ణి అడిగి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడు సొంతంగా ఎంచుకోగలిగింది ఈ రెండంకెలే. సీమలో సేద్యం చేసినవాడికి చీటీ రాయడం కొత్త విద్యేమీ కాదు.

అయినా కడుపు మండేది పందేలు రాసుకునే బీటరును చూస్తే. వాడికి కలలు రావు, ముసలాయనతో పనిలేదు, ఏ నంబరు వచ్చినా పండగే. జోడి తగిలితే రూపాయికి ఎనభయ్యో, మహా అయితే తొంభయ్యో ఇస్తారు. జోడీలు మొత్తం వంద. కాబట్టి అబ్బయ్యా, ఒక్క రాత్రి కలను పక్కనపెట్టి, సున్నా సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా తలా ఒక రూపాయి కాస్తే ఏమవుతుందో కాగితం మీద లెక్క వేసి చూడు. నంబరు ఖాయంగా తగులుతుంది. నువ్వు పెట్టింది వంద, చేతికొచ్చేది తొంభై. ఆ పది మాత్రం ఏ రాత్రీ గురి తప్పకుండా బీటరు వైపుకే పోతుంది.