అత్తయ్యకో రికార్డరు

మా మేనత్తది ఉయ్యూరు పక్కన పల్లె. వయసు డెబ్బై తొమ్మిది. రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకుంది, మోకాళ్ళు మాత్రం పాతవే. కిందటి కార్తీకంలో ఫోన్ చేసి, "ఒరేయ్ అబ్బాయ్, టీవీలో వచ్చింది వచ్చినట్టు దాచిపెట్టే డబ్బా ఉందటగా, అదొకటి పట్రా. తేలిగ్గా ఉండాలి" అంది.

గవర్నర్‌పేటలో ఓ షాపుకెళ్ళి ఆ మాటే చెప్పాను. "తేలికేనండి, పావుకిలో కూడా ఉండదు" అన్నాడు కుర్రాడు. వాడుకోవడం తేలికరా నాయనా అన్నాను. "వాయిస్ సెర్చ్ ఉందండి. అమ్మగారు మాట్లాడితే చాలు." మా అత్తయ్య మాట్లాడితే చాలదు, ఎదుటివాళ్ళు ఊఁ కొట్టాలి. ఈ డబ్బా ఊఁ కొడుతుందా అని అడిగితే, వాడు లోపలికెళ్ళి ఓనరును పిలుచుకొచ్చాడు.

ఓనరు నన్ను కొంచెం జాలిగా చూశాడు. ఈ సరుకు అడిగేవాళ్ళు ఇప్పుడు తక్కువట. ఒకప్పుడు ఇదే గొప్ప. అమెరికాలో టివో అనే డబ్బా 1999లో వస్తే, మన దగ్గర 2006లో మొదలైన టాటా స్కై, రెండేళ్ళకే ‘ప్లస్’ అని తోక తగిలించి రికార్డు చేసే డబ్బాని దించింది. ఆ కంపెనీ పేరే 2022లో టాటా ప్లేగా మారిపోయింది. మా అత్తయ్యకు మాత్రం ఏ కంపెనీదైనా డిష్షే. "ఇప్పుడన్నీ యాప్‌లోనే ఉంటున్నాయి కదండీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు" అన్నాడు ఓనరు.

అదీ ప్రయత్నించాం. నేను బెజవాడలో కూర్చుని అత్తయ్య నంబరు కొట్టాను.

"ఓటీపీ వచ్చిందా అత్తయ్యా?"

"వచ్చింది."

"ఎంత?"

"చెప్పను. ఎవరడిగినా చెప్పొద్దని బ్యాంకులో చెప్పారు."

"నేను అత్తయ్యా, నీ మేనల్లుణ్ణి."

"అలాగే అంటార్ట."

యాప్ కథ అక్కడితో సరి.

అసలు ఆవిడ నేర్చుకున్న యంత్రశాస్త్రమంతా రేడియోది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యేనాటికి ఆవిడకు రెండేళ్ళు. పెళ్ళిలో పెట్టిన రేడియోకి రెండే మరలు. ఒకటి గొంతు పెంచడానికి, ఒకటి ముల్లు తిప్పడానికి. రెండోదాని అవసరం ఎప్పుడూ రాలేదు, ముల్లు విజయవాడ మీదే స్థిరపడిపోయింది. పొద్దున రజనీకాంతరావుగారి భక్తిరంజని, ఆదివారం మధ్యాహ్నం నాటకం. నాటకం తప్పిపోతే పక్కింటివాళ్ళు కథ చెప్పేవాళ్ళు, కాస్త కలిపే చెప్పేవాళ్ళు. అంతకంటే పెద్ద రికార్డరు ఎవరికీ అవసరపడలేదు.

నన్నడిగితే, పెద్దవాళ్ళకు పనికొచ్చే డబ్బాని ఇంతవరకూ సరిగ్గా తయారు చేసింది విజయావాళ్ళే. 1957లో, మాయాబజార్‌లో. ప్రియదర్శిని మూత తీస్తే శశిరేఖకు అభిమన్యుడు కనపడ్డాడు, రేవతికి నగలు కనపడ్డాయి. రిమోట్ లేదు, నెలనెలా ప్యాక్ లేదు, ‘నో సిగ్నల్’ అని తెర మీద బంతిలా కొట్టుకుంటూ తిరిగే అక్షరాలు లేవు. అది ఇప్పుడు గవర్నర్‌పేటలో దొరకదు కాబట్టి దొరికేవాటిలో ఏరుకోవాల్సి వచ్చింది.

వారం రోజులు నేను దీనిమీద పీహెచ్‌డీ చేశాను. లోపలే హార్డ్ డిస్కు ఉన్నవి ఒక రకం. వెనక పెన్‌డ్రైవ్ గుచ్చితే రికార్డు చేసేవి ఇంకో రకం, ఇవి చవక. ఒక ఛానల్ చూస్తూ ఇంకొకటి దాచుకోవాలంటే డబ్బాలో రెండు ట్యూనర్లుండాలి, చాలావాటికి డిష్ నుంచి రెండు తీగలు లాగాలి. ఆ పెన్‌డ్రైవ్ పీకి ఇంకో టీవీకి పెడితే ఆడదు. ప్యాక్ డబ్బులు కట్టడం మర్చిపోతే, దాచుకున్నవి కూడా చూపించనివే ఎక్కువ. ఇదంతా చెబితే అత్తయ్య ఓ నిమిషం ఆలోచించి, "అంటే బీరువా మనది, తాళంచెవి వాడిదీనా?" అంది. షాపులో అరగంట పట్టిన సంగతి ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

చివరికి పెన్‌డ్రైవ్ డబ్బానే పట్టుకెళ్ళాను. అసలు కష్టం రిమోట్‌తో వచ్చింది. మీటలు లెక్కపెట్టాను, నలభై మూడు. అత్తయ్యకు కావలసినవి ఎనిమిది. మిగతా ముప్ఫై అయిదూ ఆవిణ్ణి ఏదో ఒక కొత్త ఊళ్ళో దింపడానికే ఉన్నాయి. భాష మారిపోతుంది, బొమ్మ సాగిపోతుంది, ఒకసారి గొంతు పోయి వారం రోజులు మూకీలు చూసింది. అందుకని గూట్లో ఉన్న పాత శుభలేఖ ఒకటి తీసి, దాని దళసరి అట్టకు బ్లేడుతో ఎనిమిది కిటికీలు కోసి, రిమోట్ మీద పరిచి, రెండు రబ్బరు బ్యాండ్లు వేశాను. రికార్డు చేసే ఎర్ర మీట సరిగ్గా శుభలేఖ మీది వినాయకుడి బొజ్జ దగ్గరకొచ్చింది. అత్తయ్య రిమోట్‌ని కళ్ళకద్దుకుని మరీ నొక్కింది. ఇప్పటికీ అలాగే నొక్కుతుంది.

మొదటిరోజు రికార్డు చేసింది చూస్తే నాలుగు నిమిషాలే ఉంది. మధ్యలో కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టరుంది. దాని మీద రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, దేవుడి గూట్లో రంగుల బల్బు ఉన్నాయి. టీవీ ప్లగ్గు లేదు. ఎలక్ట్రీషియన్‌కి ఏడొందలిచ్చి అదీ కలిపించాను. ఇక జోరువానకు డిష్ సిగ్నల్ పోతే దానికి ఇన్వర్టరు లేదు.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను. సీరియల్స్ అన్నీ బాగా వస్తున్నాయా అని అడిగితే అత్తయ్య ఆశ్చర్యపోయింది.

"సీరియలెందుకురా? పది రోజులు చూడకపోయినా వాళ్ళు ఆ హాల్లోనే నుంచుని ఉంటారు. పైగా మర్నాడు మళ్ళీ వేస్తాడు."

మరి దాచింది ఏమిటా అని జాబితా తెరిచాను. అన్నీ రాశిఫలాలు. పొద్దున పాలకేంద్రానికి వెళ్ళే వేళకే అవి వస్తాయి. వినాయకుడి బొజ్జ నొక్కి, గిన్నె పట్టుకుని వెళ్ళిపోతుంది. చూడటం మాత్రం రాత్రి, భోజనాలయ్యాక. నేను వారం రోజులు కొట్టుకున్న రెండో ట్యూనరుతో ఆవిడకు పనే లేదు.

"పొద్దున చెప్పింది రాత్రి చూస్తే ఏం లాభం అత్తయ్యా?"

"పొద్దున చూస్తే నమ్మాలి. రాత్రి చూస్తే లెక్క తేలుతుంది."

టీవీ బల్ల సొరుగులోంచి వడ్ల బస్తాల లెక్క పుస్తకం తీసింది. వెనక పేజీల్లో తారీకులు, ఎదురుగా ఒప్పులు, తప్పులు. "కర్కాటకానికి ధనలాభం అన్నాడు చూడు, ఆవేళే కూలీవాడు ఆరొందలు పట్టుకుపోయాడు" అంది. ఆ కూలీవాడిదీ కర్కాటకమేనేమో అన్నాను. అత్తయ్య కాసేపు నా మొహంలోకి చూసి, తప్పు పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

ఇవాళ్టికి పెన్‌డ్రైవ్‌లో అరవై మూడు పొద్దుటిపూటలున్నాయి. పదకొండు ఒప్పు, యాభై రెండు తప్పు. నిండిపోతోంది, పాతవి తీసేద్దామంటే ఒప్పుకోవడం లేదు. ఉగాదికి పంచాంగం చదవడానికొచ్చే పంతులుగారికి చూపించాలట.