కేసులు చెప్పే సర్జన్‌గారు

కేసులు చెప్పే సర్జన్‌గారిని గుర్తుపట్టడం తేలిక. పెళ్లి బంతిలో పక్కాయన గారె తుంచబోతుంటే ఫోన్ తీసి, పొద్దున తీసిన గాల్‌బ్లాడర్ రాళ్లు చూపించేది ఆయనే. రాళ్ల పక్కన స్కేలు ఉంటుంది. స్కేలు దొరకని రోజున రూపాయి బిళ్ల. పేషెంటు పేరు మాత్రం చచ్చినా చెప్పరు. చెప్పకూడదు కాబట్టి "మీ వీధి చివర కిరాణా కొట్టాయన" అంటారు.

ఈ అలవాటు పాతదే. 1794లో లండన్ జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో ఒక ఉత్తరం బొమ్మతో సహా అచ్చయింది. తెగిన ముక్కుకు బదులు నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టిన పుణె ప్రాంతపు వైద్యం అందులో ఉంది. అది చూసి సర్జన్ జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో అదే పని చేశాడు. ఆ ఉత్తరంలో పేషెంటు కావస్‌జీ పేరుంది, ముక్కు కట్టినవాడి పేరు లేదు. ఇప్పటివారు ఈ లోపాన్ని పూర్తిగా సరిదిద్దారు.

సర్జన్‌గారి వ్యాకరణం చూడముచ్చటైనది. కేసు సాఫీగా జరిగితే "తీశాను, కుట్టాను". తేడా కొడితే క్రియలు వాటంతటవే జరిగిపోతాయి: "డక్ట్ తెగింది", "బ్లీడింగ్ అయింది". తెంచిందెవరని తెలుగు అడగదు. సదస్సులో వేసే వీడియోలో రక్తపు చుక్క కనబడదు. కత్తిరించిన ఆ నలభై నిమిషాల్లో ఏం జరిగిందో మత్తు డాక్టరుకు తెలుసు.

పదిమందికి పనికొచ్చేది మాత్రం ఆ తెగిన కథే. ప్రధాన పైత్యనాళాన్ని గాల్‌బ్లాడర్ నాళం, అంటే సిస్టిక్ డక్ట్ అనుకుని క్లిప్ వేయడం ల్యాపరోస్కోపిక్ సర్జరీలో పేరుమోసిన పొరపాటు. కొవ్వంతా తొలగించి, గాల్‌బ్లాడర్ కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీసి, దానిలోకి వెళ్లే నాళాలు రెండంటే రెండేనని కళ్లారా చూశాకే కోయాలన్న నియమాన్ని స్ట్రాస్‌బర్గ్ బృందం 1995లో వివరించింది. అది చక్కగా ముగిసిన కేసుల్లోంచి రాలేదు. తెగిన డక్టులను విచారించగా వచ్చింది.

సర్జన్‌గారు ఆ కథ చెప్పరని కాదు. ఓటీ బయట చేతులు కడుక్కునేచోట, పీజీ కుర్రాడు ఒక్కడే ఉన్నప్పుడు చెబుతారు. గ్లవ్స్ చుట్టి వచ్చిన కాగితాన్ని గోడకు ఆనించి, పెన్నుతో కాలేయం గీస్తారు, కింద రెండు గీతలు. "ఇదే సిస్టిక్ అనుకున్నా. ఇక్కడ క్లిప్ వేశా." థియేటర్ సిస్టర్ చెప్పుల చప్పుడు వినబడగానే కాగితం మడిచి జేబులో పెట్టేస్తారు.