బ్లాకును థీమ్‌లోనే ఉంచండి

విజయవాడ చుట్టుపక్కల దుకాణాలకు వర్డ్‌ప్రెస్ సైట్లు చేసేవాళ్లకు నా సలహా, పెద్దలు చెప్పేదానికి తలకిందులుగా ఉంటుంది. కస్టమ్ బ్లాకును ప్లగిన్‌లో పెట్టకండి, థీమ్‌లోనే పెట్టండి. వర్డ్‌ప్రెస్ థీమ్ డైరెక్టరీ దీనికి ఒప్పుకోదు. అయితే పెడన కలంకారీ దుకాణం కోసం మీరు రాసే థీమ్ ఆ డైరెక్టరీ గడప తొక్కదుగా! థీమ్ తీసేస్తే ఆ బ్లాకుతో పెట్టిన చీర కార్డులు పేజీలో కనిపించవు, నిజమే. విలువలు మాత్రం డేటాబేస్‌లోనే ఉంటాయి.

చీర కార్డు టెంప్లేటు మీ దగ్గర ఇప్పటికే ఉంది: ఫోటో, పేరు, ధర, వాట్సాప్ బటన్. దాన్ని జావాస్క్రిప్ట్‌లో మళ్లీ రాయొద్దు, కాపీ కూడా చేయొద్దు. 2022 నవంబరులో వచ్చిన 6.1 నుంచి బ్లాక్ జేసన్ ఫైల్లోనే రెండర్ ఫైలు పేరు ఇవ్వొచ్చు. ఆ ఫైలు గెట్ టెంప్లేట్ పార్ట్‌ను పిలిచి విలువలు అందిస్తే సరి. పాత టెంప్లేటులో 'ద టైటిల్' ఉంటే మాత్రం చీర పేరు బదులు పేజీ పేరు పడుతుంది, ముందు దాన్ని మార్చండి. ఎడిటర్‌లో బ్లాకు కనిపించడానికి మామూలుగా కాస్త జావాస్క్రిప్ట్ కావాలి. ఆ కాస్తతో ఆపండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, స్టాటిక్ బ్లాకు తయారైన హెచ్‌టీఎమ్‌ఎల్‌నే పోస్టులో దాస్తుంది. పెడనలో చెక్క అచ్చు మార్చినా అద్దేసిన గుడ్డ మారనట్టే, మీరు కోడ్ మార్చినా పాత పేజీలు మారవు. పైగా వాటిని ఎడిటర్‌లో తెరిస్తే బ్లాకు చెల్లదంటుంది. టెంప్లేటు నుంచి వచ్చే బ్లాకుకు ఈ బాధ లేదు. ఒక్క ఫైలు దిద్దితే అన్ని పేజీలూ మారతాయి.

ఇక రంగు, అక్షరాల సైజు, వరుసల ఎత్తు మార్చే మీటలు అడిగినా ఇవ్వకండి. వరుస ఎత్తు 1.2కి దించారంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. మండలి ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అది పెట్టి, ఎత్తు 1.7 దగ్గర థీమ్‌లోనే బిగించేయండి. బేరాల మధ్య ఫోన్లో చీర ఎక్కించే మనిషికి కావాల్సింది స్వేచ్ఛ కాదు, తప్పు పడని మూడు గడులు.

దసరా బేరాలు మొదలయ్యేలోపు ఒక్క కార్డుతో ప్రయత్నించండి. దుకాణంలో కూర్చునే మనిషి మీకు ఫోన్ చేయకుండా కొత్త చీర ఎక్కించగలిగాకే బిల్లు వేయండి.