కోడిగుడ్డుకి తెలిసిన దారి

పెళ్ళి ముహూర్తం ఒక్కసారి మారితేనే మన నెల్లూరు సీమలో మూడు తరాలు చెప్పుకుంటారు. 2020లో కరోనాకి మూసిన బళ్ళు తిరిగి తెరవడానికి రాష్ట్రమంతటికీ కలిపి నాలుగు ముహూర్తాలు పెట్టారు. ఇప్పుడు వాటి ఊసే లేదు. అందుకని నేనే ఎత్తుతున్నాను.

మొదట ఆగస్టు 3 అన్నారు. సోమవారం, శ్రావణ పౌర్ణమి, రాఖీ పండగ. అంతకన్నా మంచిరోజు పంచాంగంలో దొరకదు. దాటిపోయింది. తర్వాత సెప్టెంబరు 5 అన్నారు. గురుపూజోత్సవమని పెట్టారేమో గానీ, అది మహాలయ పక్షం. పితృదేవతలకి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. అదీ పోయింది. ఆ తర్వాత అక్టోబరు 5. అధిక ఆశ్వయుజం! అధిక మాసంలో గృహప్రవేశాలే చెయ్యరు, బడిప్రవేశం ఎవరు చేస్తారు? ఆఖరికి నిజ ఆశ్వయుజ బహుళ విదియ, నవంబరు 2న లగ్నం కుదిరింది. సచివాలయంలో ఎవరైనా సిద్ధాంతి ఉన్నాడో లేడో తెలియదు గానీ, ఉండుంటే రెండు వాయిదాలు మిగిలేవి.

వాయిదా వెయ్యడం తప్పని నేననను. ఆగస్టులో రాష్ట్రమంతా కలిపి రోజుకి పదివేల దాకా కేసులు వస్తుంటే బడి గంట కొట్టమనే ధైర్యం నాకూ లేదు. పైగా రాష్ట్రంలో తొలి కేసు బయటపడిందే మన నెల్లూరులో, మార్చి 12న. వారం తిరిగేసరికి, 19న, బళ్ళు మూశారు. మూయడానికి ప్రణాళిక అక్కర్లేదు, ఒక తాళంకప్ప చాలు. తెరిచేటప్పుడే తెలుస్తుంది ఏలినవారి మనసులో దేనికి ఎంత చోటుందో.

ఆ లెక్కన చూడండి. మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. జనం తొక్కిసలాడుతున్నారని విశాఖ జిల్లాలో కొన్నిచోట్ల క్యూలు సరిచేసి టోకెన్లు ఇవ్వడానికి సర్కారు బడి పంతుళ్ళకే డ్యూటీ వేశారు. మన జిల్లా ముచ్చట కాదులెండి, మన పంతుళ్ళు ఆ పుణ్యానికి నోచుకోలేదు. అయినా ఆలోచన దొడ్డది. రాష్ట్రంలో జనాన్ని వరసలో నిలబెట్టడం వచ్చినవాళ్ళు ఆ ఒక్క జాతే కదా. జూన్‌లో తిరుమల కొండ మీద దర్శనాలు మొదలయ్యాయి. అక్టోబరు 15 నుంచి సినిమా హాళ్ళు తెరుచుకోవచ్చని ఢిల్లీ చెప్పింది. ఆ తర్వాత బడి. మందు, మొక్కు, సినిమా, చదువు. ఇదీ మన వరస.

ఈలోగా మూసిన బడిలో ఏ మీడియంలో చెప్పాలనే పోరు మాత్రం ఆగలేదు. ఒకటి నుంచి అన్నీ ఇంగ్లీషులోనే అన్న జీవోని ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది, దాని మీద సుప్రీంకోర్టుకి పోయారు. తాళం మాత్రం ఏ మీడియంలోనూ పలకలేదు.

ఇక బళ్ళు మూసిన రోజుల్లో ఇంటి దగ్గరే చదువు చెప్పడానికి వేసిన ప్రణాళికలోకి వద్దాం. పిల్లల్ని మూడు వర్ణాలుగా విభజించారు. ఫోను, నెట్టు ఉన్నవాడు హైటెక్. టీవీయో రేడియోయో ఉన్నవాడు లోటెక్. ఏమీ లేనివాడు నోటెక్. నేను కల్పించింది కాదు, విద్యాశాఖ కాగితాల్లోని మాటలే. మనువుకి నాలుగు కావలసి వచ్చాయి, మనవాళ్ళు మూడింటితో సరిపెట్టారు. అంతవరకు పొదుపే.

ఈ వర్ణవ్యవస్థని మన చిల్లకూరు మండలానికి పట్టుకొస్తే ఎట్టా ఉంటుందో చూడాలి. హైవే పక్కన చిల్లకూరులో, గూడూరు వైపు ఉన్న ఇళ్ళలో హైటెక్కులు దొరుకుతారు. తండ్రి ఫోను తండ్రితో పాటు పనికి పోకపోతే. తూర్పుకి పోయేకొద్దీ, సరుగుడు తోపులు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలవ వచ్చేకొద్దీ, టెక్కు తగ్గి నో మిగులుతుంది. యానాది కాలనీల్లో తల్లీ తండ్రీ గుంటల కాపలాకో పీతల వేటకో పోతే పెద్దపిల్ల చిన్నపిల్లని చూసుకోవాలి. ఆ పిల్ల పేరు ఏ వాట్సాప్ గ్రూపులో చేర్చాలి? తమ్మినపట్నంలో పవర్ ప్లాంటు పొగగొట్టాలు మైళ్ళ దూరం కనపడతాయి, దేశానికి కరెంటు ఇవ్వడానికి కట్టారు. ఇక్కడ ఛార్జింగ్ పెట్టడానికి ఫోనే లేదు. ఇంకా చిత్రం, మన మండలం నేలంతా సిలికా ఇసుక. లారీల కొద్దీ పోయి గాజు అవుతుంది. సెల్‌ఫోను అద్దానికైనా అసలు సరుకు సిలికానే. ముడిసరుకులో మనం ఎప్పుడో హైటెక్. తయారైన సరుకు తిరిగొచ్చేటప్పటికే నోటెక్.

లోటెక్ వాళ్ళకి సప్తగిరి ఛానల్లో విద్యావారధి, పది చదివేవాళ్ళకి విద్యామృతం వేశారు. పేర్లు పెట్టడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. అమృతం అన్నాక దేవతలూ రాక్షసులూ కొట్టుకోవాల్సిందే. ఇక్కడ కొట్టుకుంది పదో తరగతి పిల్లాడూ, సీరియల్ చూసే నాయనమ్మానూ. నాయనమ్మదే గెలుపు. పాఠం రేపు మళ్ళీ వేస్తారేమో గానీ సీరియల్లో ఆ విషం కలిపే సీను మళ్ళీ వెయ్యరు.

నోటెక్ వాళ్ళని ఉపాధ్యాయులే కలుసుకుని పాఠం అందించాలన్నారు. కొందరు పంతుళ్ళు నిజంగానే పోయారు. చెట్టు కింద పదిమందిని కూర్చోబెట్టుకుని చెప్పారు. వాళ్ళకి దండం. మిగతా వాళ్ళని తప్పు పట్టలేం. కరోనా డ్యూటీలున్నాయి, బళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకం పనులున్నాయి. పిల్లల్లేని బడికి రంగులు పడుతున్నాయి, టైల్స్ పడుతున్నాయి, ఎన్ని బస్తాల సిమెంటు వచ్చిందో హెడ్మాస్టరే లెక్క రాయాలి. మొదటి విడతలోనే 15,715 బళ్ళు. అవి బాగుపడిన మాట నిజం. మరుగుదొడ్లు, కుళాయిలు వచ్చిన మాటా నిజం. చూసి మురిసే పిల్లలే లేరు.

ఒక్క పని మాత్రం దివ్యంగా జరిగింది. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, కోడిగుడ్లు, చిక్కీ ఇళ్ళకి పంపారు. వలంటీర్లు పట్టుకుపోయి ఇచ్చారు. ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. కాలవ అవతల, సరుగుడు తోపు దాటి, రేషన్ కార్డులో పేరు తప్పుగా పడ్డ పిల్లాడి గుడిసె ఎక్కడుందో కోడిగుడ్డుకి తెలుసు. అదే పిల్లాడి ఇల్లు పాఠానికి తెలియలేదు. గుడ్డు పగలకుండా పోయిన దారిలో పలక ఎందుకు పోలేకపోయిందో విద్యాశాఖ ఒక కమిటీ వేసి తేల్చుకోవాలి. మా ఊరి టీ కొట్టు మామని అడిగితే కమిటీ ఖర్చు లేకుండా తేల్చేశాడు. "గుడ్డు ఇయ్యకపోతే ఆ పొద్దే అడుగుతారు అబ్బయా. పాఠం జెప్పకపోతే అడిగేదానికి వానికి పదేళ్ళు పడతాది. అప్పటికి ఈ ఆఫీసరు యాడ ఉంటాడో!"

అక్టోబరు 8న విద్యాకానుక వచ్చింది. బ్యాగు, బెల్టు, బూట్లు, రెండు జతల సాక్సులు, మూడు జతల యూనిఫాం గుడ్డ, పుస్తకాలు. 42 లక్షల పైచిలుకు పిల్లలకి. బడి లేదు, బడికి పోవలసిన అలంకారమంతా ఉంది. ఒకటో తరగతి పిల్లకి అప్పుడు కొలిచి ఇచ్చిన బూట్లు బడి తెరిచేనాటికి బిగువయ్యాయి. పాదం ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగదు కదా. ఒకటి నుంచి ఐదు వరకు పిల్లలు బడి మెట్లెక్కింది 2021 ఫిబ్రవరి 1న మరి.

ఆ చిన్నవాళ్ళ సంగతి కాస్త ఆగి చెప్పాలి. డెన్మార్కు అని ఒక చలిదేశం ఉంది. 2020 ఏప్రిల్ 15న, ఇంకా కరోనా కొత్తగా ఉన్న రోజుల్లోనే, వాళ్ళు బళ్ళు తెరిచారు. ముందుగా పిలిచింది చంటిపిల్లల్ని. పెద్దపిల్లలు ఇంట్లో పుస్తకం పట్టుకు కూర్చోగలరు, చిన్నవాళ్ళు కూర్చోలేరు, వాళ్ళు ఇంట్లో ఉంటే అమ్మానాన్నలు పనికి పోలేరు అని వాళ్ళ లెక్క. మన లెక్క వేరు. ఎవడికి పబ్లిక్ పరీక్ష దగ్గరపడిందో వాడు ముందు. కాబట్టి నవంబరు 2న తొమ్మిది, పది, ఇంటర్. ఆ తర్వాత వాళ్ళకి తేదీ, వీళ్ళకి తేదీ, ఆ తేదీలకి మళ్ళీ వాయిదా. ఒకటో తరగతి వాడికి ర్యాంకు లేదు, హోర్డింగు మీద ఫోటో లేదు, వాడు ఎప్పుడొస్తే ఏం? అ ఆలు నేర్చే వయసు దాటిపోతే మళ్ళీ రాదన్న సంగతి ఏ సర్క్యులర్లోనూ కనపడలేదు.

తెరిచే పద్ధతి కూడా లెక్కల మాస్టారు కలలో రాసినట్టు ఉంది. ముందు చెప్పింది, 1, 3, 5, 7 తరగతులు ఒకరోజు, 2, 4, 6, 8 మరునాడు. 750 మంది కన్నా ఎక్కువున్న బడైతే మూడు రోజులకోసారి వంతు. అదీ మధ్యాహ్నం దాకానే. అన్నం పెట్టి ఇంటికి పంపాలి. ఒక ఇంట్లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలుంటే ఆ తల్లి గోడ మీద క్యాలెండరు గీసుకుని కూర్చోవాలి. ఇక తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఒకటి. రాయడం రాని తండ్రి, తన బిడ్డయినా రాయడం నేర్చుకుంటాడని, వేలిముద్ర వేసి రాతపూర్వకంగా అంగీకరించాడు.

తెరిచిన మూడు నాలుగు రోజులకే గగ్గోలు పుట్టింది. 262 మంది పిల్లలకి, 160 మంది దాకా ఉపాధ్యాయులకి పాజిటివ్ వచ్చింది. టీవీల్లో అరుపులు. అప్పటి పాఠశాల విద్యాశాఖ కమిషనరు వాడ్రేవు చినవీరభద్రుడు గారు నిదానంగా లెక్క చెప్పారు, నాలుగు లక్షల మంది వస్తుంటే 262 అంటే 0.1 శాతం కూడా కాదని. ఆయన కవీ రచయితానూ, అంకెల్లో కూడా తప్పు పోలేదు. నేను చెప్పేది ఆ నాలుగు లక్షల పక్కనున్న ఇంకో అంకె గురించి. తొమ్మిది, పది తరగతుల్లో పేరున్న పిల్లలు 9.75 లక్షలు. అంటే రానివాళ్ళు ఐదున్నర లక్షల పైమాటే. వచ్చినవాళ్ళలో 262 మంది గురించి దేశమంతా మాట్లాడింది. రానివాళ్ళలో ఎవడు గుంట కాపలాకి కుదిరాడు, ఎవడు నిమ్మకాయల మార్కెట్లో మూటలు మోస్తున్నాడు, ఏ పిల్లకి పెళ్ళి ఖాయమైంది అని ఒక్క ఛానల్ కూడా స్క్రోలింగ్ వెయ్యలేదు.

2021 జనవరి 11న అమ్మఒడి రెండో ఏడాది డబ్బులు విడుదల చేసింది మన నెల్లూరులోనే. 44 లక్షల పైచిలుకు తల్లులకి. పదిహేను వేలు, అందులో వెయ్యి మరుగుదొడ్ల నిర్వహణకి పట్టుకుని. పిల్లల్ని బడికి పంపినందుకు ఇచ్చే సొమ్ము, ఒకటి నుంచి ఐదు దాకా బడే తెరవని రోజుల్లో ఇచ్చారు. 75 శాతం హాజరు నిబంధనని పక్కన పెట్టారు. పెట్టాల్సిందే. ఆ ఏడాది ఆ డబ్బు చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. దాన్ని వెక్కిరిస్తే కళ్ళు పోతాయి. అదే సభలో తొమ్మిది నుంచి పన్నెండు చదివేవాళ్ళు వచ్చే ఏడాది డబ్బు బదులు లాప్‌టాప్ తీసుకోవచ్చని కూడా చెప్పారు. నోటెక్ ఒక్క గెంతులో హైటెక్ అయ్యే మార్గం అది. గెంతు గాల్లోనే ఉండిపోయింది.

ఆ శీతాకాలమంతా ఇంకో వినోదం. కరోనా ఉంది కాబట్టి పంచాయతీ ఎన్నికలు వద్దని ప్రభుత్వం, ఉన్నా ఫరవాలేదని ఎన్నికల సంఘం. బడికి పోతే అంటని రోగం పోలింగ్ బూత్‌కి పోతే అంటుతుందని ఒక వాదం. రెండూ జరిగేది ఒకే గదిలో అన్న సంగతి లాయర్లకి తట్టినట్టు లేదు. సుప్రీంకోర్టు తేల్చాక ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి.

వైరస్ కి అసలు రాజకీయ జ్ఞానం ఏప్రిల్లో వచ్చింది. తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ గారు కరోనాకి చికిత్స పొందుతూ 2020 సెప్టెంబరులో పోయారు. మన గూడూరు నుంచి ఎన్నోసార్లు గెలిచిన మనిషి. చిల్లకూరు ఆ లోక్‌సభ స్థానంలోదే. ఆయన సీటుకి ఉప ఎన్నిక 2021 ఏప్రిల్ 17న. రెండో వేవ్ ముంచుకొస్తున్నా సభలు జరిగాయి, ర్యాలీలు జరిగాయి, మన బళ్ళలోనే పోలింగ్ జరిగింది. 17 శనివారం. 19 సోమవారం సమీక్ష చేశారు. 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులకి సెలవు. ఓటరు వేలి మీద సిరా ఆరేలోపు బడికి తాళం పడింది. ఫిబ్రవరి 1న వచ్చిన ఒకటో తరగతి పిల్లకి ఆ ఏటి చదువు మూడు నెలలు కూడా నిండలేదు.

మే నెలలో మన పక్కనే కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన నాటు మందు కోసం వేలమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. "బడిలో గూడా మందిస్తామని జెప్పుండాల్సింది" అన్నాడు టీ కొట్టు మామ.

అయినా ఇంటర్ పరీక్షలు పెట్టి తీరుతామని రాష్ట్రం సుప్రీంకోర్టులో పట్టుబట్టింది. గదికి పదిహేను మందిని కూర్చోబెడతామన్నారు. ఐదు లక్షల ఇరవై వేల మందికి అయితే 34 వేల పైచిలుకు గదులు కావాలి కదా, అవి ఎక్కడున్నాయని న్యాయమూర్తులు అడిగారు. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల దాకా పరిహారం కట్టిస్తామన్నారు. అది జూన్ 24 పొద్దున. ఆ సాయంత్రానికి పదీ ఇంటరూ రెండు పరీక్షలూ రద్దు. ఐదో తరగతి భాగహారం మన అధికారులకి సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పోనీలెండి, వాళ్ళదీ నోటెక్ బ్యాచే అయ్యుంటుంది.

2021 ఆగస్టు 16న బళ్ళు మళ్ళీ తెరిచారు, రంగులు వేసిన గోడలతో సహా. ఈ మధ్యలో ఆగిపోయిన పిల్లల్ని వెతకడానికి పేరు పెట్టిన పథకం ఒకటీ నా కంట పడలేదు. పేర్లు పెట్టడంలో మనకి సాటి లేరన్న మాట ఆ ఒక్కచోట తప్పింది.

ఇంకో రోగం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మళ్ళీ ప్రణాళిక రాస్తారు, మళ్ళీ మూడు వర్ణాలు వేస్తారు. రాసే అధికారులకి చిల్లకూరు నుంచి ఒకటే మనవి. ఈసారి నోటెక్ వాణ్ణి మొదటి పేజీలో పెట్టండయ్యా. హైటెక్ వాళ్ళు ఎట్టాగూ మూడో పేజీ దాకా తిప్పుకోగలరు.