కార్డు ముక్క

మా తాతయ్య హైస్కూల్లో చరిత్ర మాస్టారు. పుస్తకంలో లేని రెండు ఉత్తరాల సంగతి క్లాసులో పిల్లలకీ, ఇంట్లో మాకూ చెప్పేవారు. రెండూ రాసింది లింకనే.

మొదటిది 1842లోది. అప్పటికి లింకన్ ఇల్లినాయ్‌లో కుర్ర వకీలు. ఆ రాష్ట్ర ఆడిటర్ జేమ్స్ షీల్డ్స్‌ను ఎగతాళి చేస్తూ, ఎవరో పల్లెటూరావిడ రాసినట్టు మారుపేరుతో పత్రికకు ఉత్తరం రాశాడు. షీల్డ్స్ రాసిందెవరో కూపీ లాగి, ద్వంద్వయుద్ధానికి రమ్మన్నాడు. సెప్టెంబరు 22న మిసిసిపీ నదిలోని ఒక లంకలో ఇద్దరూ పొడుగాటి కత్తులతో తలపడడానికి సిద్ధమయ్యారు. స్నేహితులు అడ్డుపడబట్టి నెత్తురు కారలేదు.

రెండోది 1863 జులై 14 నాటిది. అప్పటికి లింకన్ అమెరికా అధ్యక్షుడు, అంతర్యుద్ధం నడుస్తోంది. గెటిస్‌బర్గ్‌లో ఓడిన దక్షిణాది సేనాని లీ సైన్యం పొటోమాక్ నది దాటి తప్పించుకుపోయింది. వెంటపడి పట్టుకోలేదని తన సేనాని జనరల్ మీడ్ మీద లింకన్‌కు కడుపు మండిపోయింది. ఘాటుగా ఉత్తరం రాశాడు. రాసి, పంపకుండా దాచేశాడు. సంతకం చేయలేదనీ, పంపలేదనీ కవరు మీద తనే రాసుకున్నాడు.

"ఆ రెంటికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లున్నాయిరా. అన్నేళ్లు పట్టింది ఆయనకి" అనేవారు తాతయ్య.

తన సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. నాయనమ్మ చెప్పింది. మాది కోనసీమ. నేను పుట్టకముందు, దాళ్వాకి నీళ్లు వంతులేసుకునే రోజుల్లో, ఒక రాత్రి తెల్లారేసరికి మా చేలో నీళ్లన్నీ చిన్న తాతయ్య చేలోకి దిగిపోయాయి. తాతయ్య రామాలయం అరుగు మీద, పదిమందీ వింటుండగా, సొంత తమ్ముణ్ణి 'నీళ్ల దొంగ' అన్నారు. చిన్న తాతయ్య ఒక్క మాట తిరిగి అనలేదు. మూడో నాడు గట్టు తవ్వి చూస్తే ఎండ్రకాయ బొరియ.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. బొరియ బయటపడేలోపే ఆ మాట నాలుగూళ్లు తిరిగింది. చిన్న తాతయ్య పిల్లల్ని బడిలో 'నీళ్ల దొంగ కొడుకులు' అని పిలిచారట. పంట ఇంటికి రాగానే ఆయన చేను అమ్ముకుని, తుంగభద్ర ఆయకట్టులో సింధనూరు దగ్గర ఒక క్యాంపుకి వెళ్లిపోయారు. మన డెల్టా రైతులు అప్పటికే చాలామంది అక్కడ నేలలు కొనుక్కుని స్థిరపడ్డారు.

ఆ తర్వాత తాతయ్య మాట తగ్గించేశారు. ఎవరి మీదన్నా కోపమొస్తే కాగితం మీద రాసుకుని, రాత్రి దిండు కింద పెట్టుకుని, పొద్దున్నే పొయ్యిలో పడేసేవారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్న సామెత ఎందరి నోటో విన్నాను. ఆయన చెబుతుంటే మాత్రం మానని దెబ్బ విప్పి చూపిస్తున్నట్టుండేది.

1986లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, తాతయ్య వారం రోజులు ఆలోచించి తమ్ముడికి ఒక కార్డు రాశారు. పదిహేను పైసల పోస్టుకార్డు. ఇంటి గుట్టు కవర్లో పెట్టక కార్డు మీదేమిటని నాయనమ్మ కోప్పడింది.

"అన్నది పదిమందిలో. తప్పయిందనడం చాటుగానా? పోస్టుమాన్ చదవాలి. క్యాంపులో అందరూ చదవాలి."

క్షమాపణ గురించి అంత నిక్కచ్చయిన మాట నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

బడికి వెళ్తూ డబ్బాలో వెయ్యమని కార్డు నా చేతికిచ్చారు. సాయంత్రం నేను వీధిలో కబడ్డీ ఆడుతుంటే "వేశావురా?" అని అరుగు మీంచి కేకేశారు. "వేశా తాతయ్యా" అన్నాను. ఆట మంచి పట్టు మీదుంది.

వారం దాటిన దగ్గర్నుంచి పోస్టుమాన్ సైకిల్ గంట వినబడితే చాలు, తాతయ్య అరుగు దిగి నిలబడేవారు. నెలలు గడిచాయి. ఏడాది తిరిగింది. దిగడం మానేశారు గానీ, గంట మోగితే మెడ అటు తిరిగేది. ఇంకో కార్డు రాయమంటే ఒప్పుకోలేదు. "క్షమించమని ఒక్కసారే అడగాలి. రెండోసారి అడిగితే మెడ మీద కూర్చున్నట్టే. వాడికి ఎప్పుడు తగ్గితే అప్పుడే వస్తాడు" అన్నారు.

1994లో తాతయ్య పోయారు. పెదకర్మకి చిన్న తాతయ్య వచ్చారు. అచ్చం తాతయ్య పోలికే. భోజనాల పందిట్లో విస్తరి ముందు కూర్చుని, "అన్నయ్య ఒక్క కార్డు ముక్క రాసినా పరిగెత్తుకొచ్చేవాణ్ణి" అని ఏడ్చారు.

నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. ఆ మాట వినగానే ఒళ్లు మండిపోయింది. వడ్డిస్తున్న గరిట పక్కన పెట్టి అందరూ వినేలా అన్నాను: "రాశారండి. నా చేత్తో డబ్బాలో వేశాను. జవాబివ్వంది మీరు. ఎనిమిదేళ్లు ఆయన్ని అరుగు మీద కాపలా కూర్చోబెట్టింది మీరు. ఇప్పుడొచ్చి అబద్ధాలాడకండి."

పందిట్లో చప్పుడు లేదు. చిన్న తాతయ్య అప్పుడూ ఏమీ అనలేదు. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, ఎవరు పిలుస్తున్నా ఆగకుండా బస్సుల రోడ్డు వైపు నడిచారు.

సంక్రాంతికి అటక దులుపుతుంటే నా పాత పుస్తకాల మూట దొరికింది. అందులో ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకం. సగంలో, పేజీ గుర్తుకి పెట్టుకున్న కార్డు.

"తమ్ముడికి, పదిమందిలో నిన్ను దొంగ అన్నాను. బొరియ కనబడిన రోజే నీ గుమ్మంలోకి రావాల్సింది. తప్పు నాది. ఈ కార్డు అందరికీ చదివి వినిపించు. ఒకసారి రా."

సంతకం ఉంది. సింధనూరు చిరునామా ఉంది. పోస్టాఫీసు ముద్ర లేదు.