పెద్ద పెట్టె, చిన్న పెట్టె

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసుకునేవాడికి ల్యాప్‌టాప్ ఎందుకని అడిగేవాళ్లు ఈమధ్య ఫంక్షన్ హాలు గడప తొక్కలేదన్నమాట. పొద్దున జీలకర్ర బెల్లం పెడితే, సాయంత్రం రిసెప్షన్‌కల్లా ఆ ముక్క ఎల్‌ఈడీ తెర మీద పాటతో సహా ఆడాలి. స్టూడియో కంప్యూటర్‌ని నెత్తిన పెట్టుకుపోలేం. అందుకని వంటశాల పక్కన, మైకు అతనితో ప్లగ్ పాయింటు పంచుకుంటూ, సాంబారు ఆవిరిలో కూర్చుని కట్ చేయడానికి ఓ చిన్న పెట్టె కావాలి.

పెట్టె కొనడం తేలికే. అందులో ఏ సాఫ్ట్‌వేర్ వేయాలన్న దగ్గరే ఊరంతా ఇంజినీర్లైపోతారు.

మా మేనల్లుడు ప్రీమియర్ ప్రో అన్నాడు. అద్దె పద్ధతి, గడువు దాటితే మళ్లీ కట్టాలి. ఒకే ఖాతాని రెండు కంప్యూటర్లలో వేసుకోవచ్చుగానీ రెండింట్లోనూ ఒకేసారి వాడకూడదు. అంటే నేను హాల్లో కట్ చేస్తున్నంతసేపూ స్టూడియోలో కుర్రాడు గోళ్లు గిల్లుకోవాలి. వాడు ఎలాగూ చేసేది అదే. కాకపోతే ఇప్పుడో కారణం కూడా దొరుకుతుంది.

హైదరాబాద్‌లో సినిమాలకి కలర్ చేసే మిత్రుడు డావిన్చీ రిసాల్వ్ తప్ప వేరే మాటెత్తడు. ఉచిత వెర్షనుంది. డబ్బు పెట్టేదైతే 295 డాలర్లు, ఒక్కసారి కడితే రెండు యంత్రాల్లో వేసుకోవచ్చు. నోరూరించే లెక్కే. కానీ అది గ్రాఫిక్స్ కార్డు మీద బతికే ప్రాణి. అంత కార్డున్న ల్యాప్‌టాప్ కొంటే రాబోయే రెండు ముహూర్తాల అడ్వాన్సులూ హరీ. ఇంకొకాయన ఫైనల్ కట్ అన్నాడు. అది విండోస్‌లో నడవదు కాబట్టి ఆయనకి టీ ఇచ్చి పంపేశాను.

స్టూడియోలో ఏముందని ఒక్కరూ అడగలేదు. అక్కడున్నది ఎడియస్. జపాన్‌లో కానోపస్ కంపెనీ పుట్టించింది, తర్వాత గ్రాస్ వ్యాలీ చేతికొచ్చింది, మన పెళ్లి స్టూడియోల్లో పాతుకుపోయింది. ఏ కెమెరా క్లిప్పు పడేసినా కలిపి ఆడిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్‌లోని క్విక్ సింక్‌ని వాడుకుంటుంది కనుక ఖరీదైన కార్డు కోసం పేచీ పెట్టదు. స్టూడియో కంప్యూటర్ అత్తగారైతే ల్యాప్‌టాప్ కొత్తకోడలు. ఎంత చదువుకొచ్చినా చారుకి పోపు ఎలా పెట్టాలో అత్తగారే చెబుతుంది.

వెర్షన్ కూడా ఆవిడదే ఉండాలి. చిన్నదాంట్లో కొత్త వెర్షన్ వేసి సేవ్ చేస్తే, పెద్దదాంట్లోని పాతది ఆ ప్రాజెక్టు ముఖం కూడా చూడదు. వేరే సాఫ్ట్‌వేర్‌లో కట్ చేసి తెద్దామా అంటే ఎక్స్‌ఎంఎల్, ఈడీఎల్ అని రాయబారులున్నారు. వాళ్లు కట్లు మోసుకొస్తారుగానీ అక్షింతలు కురిసే ఎఫెక్టూ, గులాబీ రేకుల్లో తేలే టైటిలూ దారిలోనే రాల్చేసుకుంటారు. అవి తీసేస్తే మన పెళ్లి వీడియోలో మిగిలేది భోజనాలే.

ఫాంట్ల సంగతి వేరే భాగవతం. డీటీపీ రోజుల నాటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పెళ్లికూతురి పేరుండాల్సిన చోట బ్రాకెట్లూ డాలర్ గుర్తులూ ప్రత్యక్షమవుతాయి. ఇంకా కట్నం అడుగుతున్నారనుకుని వియ్యంకుడు కంగారుపడగలడు. హార్డ్ డిస్క్ ఒకచోట ఇ, ఇంకోచోట ఎఫ్ అయిందా, క్లిప్పులన్నీ ఊరొదిలి పారిపోయినట్టే. కాబట్టి అదే ఎడియస్, అదే వెర్షన్, అవే ఫాంట్లు, డిస్కుకి రెండుచోట్లా అదే అక్షరం. 4కె ఒరిజినల్స్ పెద్ద పెట్టెలో ఉంటాయి. వాటికి ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు, చేసుకుని చిన్నదాంట్లో కోస్తాను.

మొన్న పెళ్లివారింట్లోనే కూర్చుని కోస్తుంటే పెళ్లికూతురి బాబాయి వెనకనుంచి తొంగిచూశాడు. "ఇంతేనా? ఈ పలక మీద అయిపోయే పనికా అంత బిల్లు వేశావు? స్టూడియో కరెంటు కూడా మిగిలిందిగా, ఆ మేరకు తగ్గించి రాయవయ్యా!"