కండ కొంచెం, గ్రాములు ఘనం

హైదరాబాదులో ఇద్దరు కుర్రాళ్లు గ్రాముల లెక్కలో తలమునకలై కనిపిస్తే బంగారం ధర గురించి అనుకోకండి. ప్రొటీన్ గురించి.

మా వీధి జిమ్ములో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి ట్రైనర్‌ని అడిగాడు: "అన్నా, రోజుకెంత ప్రొటీన్ తినాలె?"

"నీ బరువెంత తమ్మీ?"

"తొంభై."

"కేజీకి రెండు గ్రాములు. నూటఎనభై. ఫోన్‌ల రాసుకో."

రాసుకున్నాడు. ఆ తొంభైలో ఇరవై కిలోలు వట్టి పొట్టే. ఓటరు జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లలాగా అది కూడా లెక్కలోకి ఎక్కేసింది.

గుడ్డుకు 6 గ్రాముల చొప్పున 180 గ్రాములంటే 30 గుడ్లు. అంటే నిండు ట్రే. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది కాబట్టి సరఫరాకు లోటు లేదు. లోటల్లా పొట్టలో చోటుకే. అందుకే అబ్బాయి వేలు పోసి పౌడర్ డబ్బా కొన్నాడు.

ఇంతకీ ఈ లెక్క తేల్చే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ఏ ఢిల్లీలోనో కాదు, మన హైదరాబాదు తార్నాకలోనే. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలంటారు వాళ్లు. 70 కిలోల మనిషికి 58 గ్రాములన్నమాట. బరువులెత్తేవాడికి ఎక్కువే కావాలి, కాదనం. ఎంత ఎక్కువ? 49 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటాక సగటున అదనపు లాభమేమీ కనబడలేదు. అదే 70 కిలోల మనిషికి 112 గ్రాములు. తార్నాకవాళ్లు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో పౌడర్ల జోలికి పోవద్దని కూడా చెప్పారు. ఎవడు వింటాడు? శాస్త్రవేత్త చొక్కా చేతులు మడిచి కండ చూపించడు కదా!

మరి మిగిలినది ఏమవుతుంది? ప్రొటీన్‌ను దాచుకోవడానికి ఒంట్లో బీరువా లేదు. అక్కర తీరాక మిగిలినదాన్ని విడగొట్టి, అందులోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీలు బయటికి పంపేస్తాయి. తక్కినది శక్తిగా ఖర్చవుతుంది, లేదా కొవ్వుగా పేరుకుంటుంది. డబ్బాకు పెట్టిన డబ్బులో కొంత రోజూ బాత్రూమ్ దారి పడుతోందన్నమాట. ఆ లెక్కన హైదరాబాదులో అందరికంటే ముందు సిక్స్‌ప్యాక్ రావలసింది మూసీ నదికి.

ఇక ఆ అబ్బాయి ఇంట్లోనే వాళ్లమ్మ కంచం చూడండి. కొండంత అన్నం, ఇంత చారు, ఓ ఆవకాయ ముక్క, చివర్లో నీళ్ల మజ్జిగ. పప్పు గిన్నె ఆవిడ దగ్గరికొచ్చేసరికి గరిటె అడుగును గీకుతుంటుంది. వయసు యాభై దాటింది, కండ కరిగే కాలం. ఆవిడ గ్రాములు మాత్రం ఏ యాప్‌లోనూ ఎక్కవు. నిజానికి ఆవిడకు కావలసింది వంటింట్లోనే ఉంది: మూడు పాళ్లు ధాన్యానికి ఒక పాలు పప్పు తింటే బియ్యంలో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు పూరిస్తుంది. నూరు గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు, వేరుశనగల్లో 25 గ్రాములు ప్రొటీన్ ఉంది. కాకపోతే వీటికి బ్రాండ్ అంబాసిడర్ లేడు, మీద కండల వీరుడి బొమ్మ లేదు. అలాంటప్పుడు ఎవరు నమ్ముతారు?

మన అబ్బాయి మూడు వారాలుగా జిమ్ముకు రావడం లేదట. షేక్ మాత్రం ఒక్కపూట కూడా మానలేదట. క్రమశిక్షణంటే అదీ!

బాబూ, కండను పెంచేది బరువులెత్తడం. ప్రొటీన్ దానికి సరుకు అందిస్తుందంతే. ఎత్తనివాడికి 180 గ్రాములైనా ఒకటే, 58 అయినా ఒకటే. కాబట్టి ముందు జిమ్ముకు నడువు. ఇంటికొచ్చాక పప్పు కాస్త చిక్కగా నువ్వే వండి, అమ్మ కంచంలో రెండు గరిటెలు వెయ్యి, పక్కన ఓ గుడ్డు పెట్టు. ఆ తర్వాత నీ గ్రాములు లెక్కపెట్టుకో.